పాత ట్రాక్టరు లిఫ్టు – దోషపరీక్ష



పాత ట్రాక్టరు గల కర్షకులకు వానకారున సంభవించు నొక చిక్కును గూర్చి నేడు ప్రసంగింపదలచితిని. ఇంజను చక్కగా నడచుచుండును; చక్రములు తిరుగుచుండును; కాని వెనుక దగిలించిన నాగలి మాత్రము నేలనుండి లేవదు; లేచినను నిలువదు. నాగలి లేవనిచో చాలు చివర బండి మరలదు, దుక్కి సాగదు. తొలకరి పదును మనకొరకు వేచియుండదు. చెల్కనేలలందు రెండుమూడు దినములు గట్టిగా నెండకాసినచో తడి యారిపోవును. ఆ తొందరలో, దోషమెచట నున్నదో తెలియకయే ముందు పంపును, పిదప సిలిండరును మార్పించి, ధనమును అదనును గూడ గోల్పోవువారు పెక్కురు. విప్పుటకు ముందు పరీక్షింపవలెననుటయే నా మనవి.

మా నారపల్లి ఉప్పలునుండి ఘటకేసరు మీదుగా వరంగల్లు పోవు బాటపై నున్నది. నగరము పెరిగి యీ ప్రాంతపు పొలములలో బెక్కులు ఇండ్లస్థలములైనవి. ఐనను వెనుకటితరపు బండ్లు అక్కడక్కడ నింకను బనిచేయుచునే యున్నవి. వేసవిలో నవి ఇటుకలు, మట్టి మోయును. వానలు పడగానే దుక్కికి దిగును. ఇట్టి బండ్లను దృష్టియందుంచుకొనియే మాటలాడుచున్నాను.

ఈ లిఫ్టును లోకమున వ్యాప్తిలోనికి దెచ్చినవాడు హారీ ఫర్గూసను. ఇతడు 1884లో ఐర్లండు దేశమున నొక కర్షకకుటుంబమున జన్మించెను. అంతకుముందు ట్రాక్టరు నాగలిని కేవల మీడ్చెడిది. నాగలి రాతికి దగిలి యాగినపుడు ముందుచక్రములు పైకిలేచి, బండి వెనుకకు దొర్లి, నడుపువాని ప్రాణమునకే ముప్పు వాటిల్లెడిది. ఫర్గూసను నాగలిని మూడు కడ్డీలతో బండికి అవయవముగా గూర్చి, నూనె యొత్తిడిచే దాని నెత్తి దింపు నుపాయమును గల్పించెను. ఈ యేర్పాటుగల బండ్లు 1936లో ఇంగ్లండునందు అమ్మకమునకు వచ్చినవి. 1939లో అమెరికాయందు హెన్రీ ఫోర్డుతో గూడి చేసిన బండియు, 1946లో కవెంట్రీ నగరమున బుట్టిన టి.ఇ.20 అను బూడిదరంగు బండియు దేశదేశముల వ్యాపించినవి. మనదేశమున 1960లో మద్రాసునందు స్థాపింపబడిన టాఫే సంస్థ మాసీ ఫర్గూసను బండ్లను దయారుచేసినది. నేడు ఏ కంపెనీ ట్రాక్టరు వెనుక జూచినను ఆ మూడు కడ్డీలే కానవచ్చును.

దోషము తెలియవలెనన్న ముందుగా దోషములేని స్థితిని దెలియవలెను. బండి వెనుకభాగమున, గేర్లకు బోసిన నూనెలోనే మునిగి, యొక పంపు గలదు. పాత ఫర్గూసనునందును, దాని సంతతియగు 35వ రకపు బండియందును ఈ పంపునకు నాలుగు పిస్టనులు. పి.టి.ఓ. యను షాఫ్టు తిరిగిననే యీ పంపును దిరుగును. పంపు త్రాగిన నూనె యొక నిలువుగొట్టముద్వారా ఆసనము క్రిందనున్న సిలిండరులోనికి బోవును. అచటి పెద్దపిస్టను త్రోయబడి అడ్డషాఫ్టును ద్రిప్పగా, దానికి బిగించిన రెండుచేతులు లేచి నాగలి నెత్తును. నూనె నొక్కినను కుంచించుకొనదు. ఒత్తిడి నంతట సమానముగా బ్రసరింపజేయును. చదరపు అంగుళమునకు 2,000 పౌనుల యొత్తిడి, 5 చదరపు అంగుళముల పిస్టనుపై 10,000 పౌనుల బలమగును. దింపుటకు మాత్రము పంపుతో బనిలేదు. మీట దింపగానే నూనెకు దారి యేర్పడును. నాగలి తన బరువుచేతనే దిగును.

ఎత్తుట, నిలుపుట, దింపుట – ఈ మూడును వేర్వేరు పనులని గుర్తుంచుకొన్నచో సగము పరీక్ష ముగిసినట్లే.

తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములని రెండు గలవు. ఏది యున్నచో నేది యుండునో చూచుట అన్వయము. ఏది లేకున్న నేది లేకుండునో చూచుట వ్యతిరేకము. యంత్రమునకును ఈ న్యాయమే వర్తించును. సులభమైన పరీక్షను ముందు చేయుడు. వ్యయము గలదానిని వెనుకకు నెట్టుడు. గోటితో బోవుదానికి గొడ్డలి యేల?

మొదటిది మీటల పరీక్ష. వేసవియంతయు ట్రాలీ లాగిన బండికి పి.టి.ఓ. మీట విడిచియుండుట సహజము. నేను జెప్పిన పాతబండ్లయందు ఆ మీట తగిలింపనిచో పంపు తిరుగదు. 35వ రకమునందు ఆ మీటకు చక్రములతోబాటు తిరుగు స్థానము వేరొకటి గలదు; అందున్నచో నిలిచియున్న బండికి లిఫ్టు పనిచేయదు. క్లచ్చును పూర్తిగా నొక్కిపట్టినను పంపు ఆగును. తరువాతి కాలపు బండ్లలో ననేకములందు పంపు ఇంజనుచేతనే నేరుగా దిరుగును గనుక, మీ బండి యేతీరుదో పుస్తకమున జూచి తెలిసికొనుడు.

రెండవది నూనె పరీక్ష. బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, కొలతపుల్లను దీసి చూడుడు. నూనె తగ్గినచో పంపు గాలిని బీల్చును. లిఫ్టు వణకును, నూనె నురుగు గట్టును. నూనె పాలవలె దెల్లబారినచో నీరు చేరినదని యర్థము. గేరుమీట మొదటనున్న రబ్బరుతొడుగు చినిగినచో వాననీరు ఆ దారినే దిగును. అట్టి నూనెను బూర్తిగా వదలి, జల్లెడను శుభ్రపరచి, తయారుచేసినవారు చెప్పిన రకపు నూనెనే పోయవలెను. దొరికిన నూనెనెల్ల గలిపిపోయుట మందు తెలియని వైద్యము.

మూడవది బరువు పరీక్ష. ఏమియు దగిలింపక చేతులనెత్తి చూడుడు. పిదప తేలికపాటి గొర్రును, ఆ పిదప బరువైన నాగలిని దగిలింపుడు. ఉత్తచేతులును లేవనిచో నూనె అందుట లేదు, లేక వాల్వు బిగుసుకొన్నది. తేలికదాని నెత్తి బరువుదాని నెత్తకున్నచో ఒత్తిడి చాలుటలేదు. అపుడు పంపు అరుగుట, మితమీరిన యొత్తిడిని విడుచు వాల్వు బలహీనమగుట, లోపల నూనె కారుట – ఈ మూటిలో నొకటి కారణమగును.

నాలుగవది నిలుకడ పరీక్ష. ఈ మూటిని వేరుపరచునది యిదియే. నాగలిని పూర్తిగా నెత్తి, ఎవరిని దరిజేరనీయక, ఇంజను ఆపుడు. ఇపుడు పంపు నిద్రించుచున్నది. ఐనను నాగలి చూచుచుండగనే దిగినచో, ఎత్తిన నూనె యెచటనో కారుచున్నది: సిలిండరు పిస్టను వలయములవద్దనో, నిలువుగొట్టపు రబ్బరువలయములవద్దనో, వాల్వులవద్దనో. నాగలి కదలక నిలిచెనా, దోషము పంపువైపునకో, ఒత్తిడి విడుచు వాల్వువైపునకో మరలును. ఇంజను నడచుచుండగా నాగలి తలయూచునట్లు కొంచెము దిగి మరల లేచుచుండుటయు కారుటకే చిహ్నము. కారినంత నూనెను పంపు మరల నింపుచున్నదన్నమాట.

ఐదవది దిగుడు పరీక్ష. నాగలి లేచి దిగకున్నచో పంపును నిందింపకుడు. బరువు చాలకుండుటయో, కీళ్లు త్రుప్పుబట్టుటయో, వాల్వు అంటుకొనుటయో కారణము.

దున్నునపుడు నాగలి లోతు నిలుకడగా నుండక యెగిరిపడుచున్నచో పైకడ్డీని జూడుడు. నేల గట్టిపడినపుడు ఆ కడ్డీ బండివైపునకు నొక్కబడి, తన మొదటనున్న స్ప్రింగుద్వారా వాల్వునకు వార్త నందించును. ఆ స్ప్రింగు వదులై ముందువెనుకల కూగుచున్నచో వార్త తప్పిపోవును, లోతును దప్పును.

మా ప్రాంతపు వృద్ధకర్షకు డొకనికి 35వ రకపు బండి యొకటి కలదు. ఉదయమున లిఫ్టు చక్కగా బనిచేయును. రెండుగడియలు దున్నగానే నాగలి లేవదు. చల్లారిన పిదప మరల లేచును. పంపు పోయినదనియు మార్చవలెననియు నొక పనివాడు తేల్చెను. నేను యంత్రజ్ఞుడను గాను. కాని వేడికి నూనె పలుచబడుననియు, పలుచని నూనె చిన్నసందునను గారుననియు నెరుగుదును. బండి వేడిగా నుండగనే నిలుకడ పరీక్ష చేయుమంటిని. ఇంజను ఆపిన కొలది నిమిషములలోనే నాగలి నేలకు దిగెను. పంపు తిరుగకున్నను నూనె కారినది గనుక ఆ పరీక్ష పంపును జూపలేదు. వేరొక పనివాడు గొలుసుకప్పీతో పైమూతనెత్తి చూడగా, నిలువుగొట్టపు రబ్బరువలయము ఎండి పగిలియున్నది. కొత్తవలయము వేయగా బండి మరునాడే దుక్కికి దిగెను. పంపు వెల మిగిలినది. అంతకంటె ముఖ్యముగా పదును మిగిలినది.

ఇక ప్రాణవిషయము. ఎత్తియున్న నాగలి నూనెపై నిలిచియున్నది, ఇనుముపై గాదు. వలయ మొకటి తెగినను, పిల్లవాడొకడు మీట ముట్టినను ఆ బరువు తటాలున దిగును. దాని క్రింద చేయిగాని కాలుగాని పెట్టరాదు. కర్రు మార్చవలసివచ్చినచో గట్టి దిమ్మెలపై నాగలిని దింపి యానించి, ఇంజను ఆపి, పిదప పని చేయుడు. ట్రాలీ నెత్తు బయటిగొట్టమున సన్నని రంధ్రము పడినచో చేతితో దడవి వెదకకుడు. ఒత్తిడిలోనున్న నూనెధార చర్మమును ఛేదించి లోనికి బోవును. పైకి సూదిగ్రుచ్చినంత గాయమే కానవచ్చినను లోన కండ చెడును. వెంటనే ఆసుపత్రికి బోవలెను. రంధ్రమును అట్టముక్కతో వెదకవలెను. మూడవది, బరువులాగు గొలుసును పైకడ్డీ తావున గట్టరాదు. బండి వెనుకకు దొర్లును.

పెద్దలారా, స్పానరు పట్టుట యువకుల పని. విప్పుటకు ముందు వారిని గడియసేపు నిలిపి, "ఎత్తుటలేదా, నిలుపుటలేదా, దింపుటలేదా?" యని యడుగుట మీ పని. నూనె మార్చిన తేదిని, మార్చిన భాగమును ఇంటిలెక్కల పుస్తకమున వ్రాయించుడు. తొలకరికి పక్షముదినములు ముందే, తొందరలేనివేళ, నేను జెప్పిన పరీక్షలు చేయించుడు. అపుడు బయటపడిన దోషము రబ్బరువలయముతో దీరవచ్చును. పదునువేళ బయటపడినచో పంటనే యడుగును.

సెలవు.