మేడమీది ఏరియలు – గదిలోని మీట

పాత వాల్వు రేడియోలో స్టేషను కొరకు మీట త్రిప్పినప్పుడు లోపల కండెన్సరు రేకులు ఒకదాని సందున నొకటి చొచ్చుట శ్రోతలలో పలువురు చూచియే యుందురు. అమెచ్యూరు రేడియో వారమైన మాకు అట్టి కండెన్సరు మేడమీద, ఏరియలు మొదటనే కావలెను. త్రిప్పవలసిన చేయి మాత్రము క్రింది గదిలో నుండును.

ఇంత శ్రమ యెందులకు? 7 మెగాహెర్ట్జులకు తగినట్లు 20 మీటర్ల తీగ కట్టి నడుమనుండి 50 ఓముల కేబులు దింపితిమనుకొందము. పొత్తు కుదురును. రాత్రి కది చాలును. పగలు దూరదేశముల కొరకు 14 మెగాహెర్ట్జులకు మారితిమా, తీగ నడుమ ఇంపీడెన్సు వేల ఓముల కెగయును. పంపిన శక్తిలో అధికభాగము వెనుకకు మరలును. మరలుట స్వయముగా నష్టము కాదు. కేబులులో ఇటునటు తిరుగుచు వేడియై పోవుటయే నష్టము. సన్నని కేబులు 30 మీటర్లున్నచో 100 వాట్లలో 10 వాట్లైనను ఏరియలుకు చేరవు. సర్దుబాటు పెట్టెను గదిలో నుంచినచో ట్రాన్స్‌మిటరుకు తృప్తి కలుగును గాని కేబులు కష్టము తీరదు.

పెట్టెలో నుండునది ఒక కాయిలు, ఒక కండెన్సరు. ఏరియలు ఇంపీడెన్సు హెచ్చైనచో కండెన్సరు ఏరియలు వైపునను, తగ్గైనచో కేబులు వైపునను ఉండవలెను. ఆ మార్పు నొక రిలే చేయును. కాయిలును 8 భాగములుగా, ఒక్కొక్కదాని విలువ ముందుదానికి రెట్టింపగునట్లు చుట్టి, భాగమునకొక రిలే తగిలించినచో 256 విలువలు లభించును. కండెన్సరుకు నిమిషమున కొక చుట్టు తిరుగు గేరు మోటారు మేలు. వేగము హెచ్చైనచో సరియైన చోటును మాటిమాటికి దాటిపోయి విసుగు పుట్టించును.

పాత రేడియో కండెన్సరు పనికిరాదు. 5,000 ఓములలో 100 వాట్లకు శిఖర వోల్టేజి 1,000 వోల్టులు. ఆ యిరుకు సందులలో రవ్వలు లేవవచ్చును. రేకుల నడుమ ఒక మిల్లీమీటరు ఎడముండిన నిశ్చింత.

2004 డిసెంబరు సునామీ వేళ అండమానులో నున్న అమెచ్యూర్లు వార్తలు చేరవేసిరి. అట్టి వేళ బ్యాండు మార్చుటకు నిచ్చెన వేసి మేడ యెక్కుట మాటలు గాదు; గదిలో రెండు మీటలున్న చాలును. తొలుత 5 వాట్లతోనే సరిచూచుకొని, మీటరుముల్లు దిగిన పిదప శక్తి పెంచవలెను. పెట్టె అడుగున తేమ పోవుటకొక చిన్న రంధ్రము విడువవలెను. ఉరుము వినబడినచో కేబులును యంత్రమునుండి విప్పి బయట నుంచుడు.