తెర వెనక పని ఎవరు చేస్తారు?

  వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ కాలేజీ పిల్లలూ, నేను వచ్చింది మీతో మాట్లాడటానికే. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

వచ్చే సేవాలాల్ జయంతికి నాటకం వేద్దామని వాట్సాప్‌లో పేర్లు అడిగితే 41 మంది ఇచ్చారు. అందులో 39 మంది వేషం కావాలన్నారు. ఇద్దరు మాత్రం "ఏ పనైనా సరే మేడం" అని రాశారు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ ఇద్దరు చేసే పని గురించి.

బీఈడీ చదివే రోజుల్లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళాతోరణంలో సురభి వాళ్ల 'మాయాబజార్' చూశాను. ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు వాటంతట అవే లేచి నోట్లోకి పోతున్నాయి. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. పక్కనున్న స్నేహితురాలు మెల్లగా, "పైన దారం పట్టుకున్నోళ్లు ఎవరో గానీ ఒక్కటి కూడా తప్పడం లేదు" అంది. ఆమె అనేదాకా పైన ఒక మనిషి ఉంటాడన్న ఆలోచనే నాకు రాలేదు.

సురభి వాళ్లు ఎవరు? మహారాష్ట్ర వైపు నుంచి వచ్చి ఊరూరా తోలుబొమ్మలు ఆడించిన కుటుంబాలు. మన తాతలు ఎడ్లమీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ తిరిగినట్టే వాళ్లూ తిరిగారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో బొమ్మలు పక్కన పెట్టి, మనుషులే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. ఆడవేషం మగవాళ్లే కట్టే కాలంలో ఆ ఇంటి ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. కుటుంబం పెరిగినకొద్దీ సమాజాలు పెరిగాయి. ఒక్కో సమాజంలో తాత నుంచి మనవరాలి దాకా అందరికీ పని ఉంటుంది. ఈ రోజు రాజు వేషం కట్టినవాడు రేపు తెర లాగుతాడు, ఎల్లుండి లైటు దగ్గర కూర్చుంటాడు. తెరల మీద కోట, అడవి, దర్బారు బొమ్మలు గీసేదీ, హార్మోనియం వాయించేదీ, వంట వండేదీ ఇంటివాళ్లే. ఆ సమాజాల్లో ఒకదాన్ని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు గారికి, అదే అందరూ బాబ్జీ అని పిలిచే ఆయనకు, 2013లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. పోయినేడు మా పిల్లలతో జాటోతు ఠానూ నాయక్ మీద నాటకం వేయించాను. తెలంగాణ సాయుధ పోరాటంలో భూమి కోసం ప్రాణమిచ్చిన ధర్మాపురం లంబాడీ రైతు. ఆ జనగామ తాలూకా అప్పట్లో మన నల్లగొండ జిల్లాలోదే. అదే తాలూకాలో దొరను ఎదిరించిన షేక్ బందగీ కథను తీసుకొని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో 'మా భూమి' నాటకం రాశారు. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని కోస్తాలో ఊరూరా ఆడితే, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మన నేల కథను ఎక్కడివాళ్లో అంత కష్టపడి ఆడినప్పుడు, మన ఠానూ కథ మనం ఆడలేమా అనిపించింది నాకు.

నాటకం మొత్తం తెలుగులో రాశాను, మంచి తెలుగులో. తప్పంతా అక్కడే జరిగింది. రిహార్సల్ చూడ్డానికి వచ్చిన ఒక పిల్ల నాయనమ్మ అరగంట కూర్చొని, "ఆ తల్లి కొడుకును తెలుగులో ఏడుస్తదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా పిల్లల్లో సగం మందికి గోర్ బోలి అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. అమ్మానాన్నలు పుణె, ముంబై పనులకు పోతే పిల్లలు మా దగ్గర తెలుగులో పెరుగుతారు. అందులో నా వాటా కూడా ఉంది. ఏళ్ల తరబడి "క్లాసులో తెలుగే మాట్లాడాలి" అని చెప్పినదాన్ని నేనే.

ఆ మాటలను గోర్ బోలిలోకి మార్చింది మా హాస్టల్ వంటామె. రాత్రి గిన్నెలు కడిగాక వచ్చి కూర్చునేది. ఆమె చెబుతుంటే తొమ్మిదో తరగతి పిల్ల తెలుగు లిపిలో నోట్‌బుక్కులో రాసుకునేది. నాటకం రోజు తెర పక్కన ఆ నోట్‌బుక్కు పట్టుకొని మాట అందించింది కూడా ఆ పిల్లే. ఇంకో పిల్ల తండాలో ఇల్లిల్లూ తిరిగి పేటియాలు, టుక్రీలు, ఘుగ్రీ టోప్లీలు అడిగి తెచ్చింది. ఏది ఏ యాడిదో రాసి పెట్టుకొని, తెల్లారి లెక్కపెట్టి ఎవరివి వాళ్లకు ఇచ్చి వచ్చింది. ఒక్క ఘుగ్రీ పోయి ఉంటే ఆ తండాలో మాకు మళ్లీ ఏదీ దొరికేది కాదు. మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ మోగేదాకా ఇద్దరు మగపిల్లలు ఫోన్ లైట్లు పట్టుకొని నిలబడ్డారు. స్టేజీ మీద పిల్లలు ఆపకుండా ఆడారు.

ఠానూ చనిపోయిన చోట ముందు వరసలో యాడీలు ఢావ్లో ఎత్తుకున్నారు. మనవాళ్లు ఏడుస్తూ పాడే పాట అది. నేను రాసింది కాదు, ఎవరూ నేర్పింది కాదు. ఆ తల్లి తెలుగులో ఏడ్చి ఉంటే వాళ్ల గొంతు లేచేది కాదు.

తర్వాత కరపత్రం చూశాను. పన్నెండు మంది నటుల పేర్లు, రచన దర్శకత్వం అని నా పేరు పెద్దగా. వంటామె పేరు లేదు, నోట్‌బుక్కు పిల్ల పేరు లేదు. ఆమె కోపం చేయలేదు. మరునాడు అన్నం వడ్డిస్తూ, "మాటలైతే నావి తీస్కున్నరు మేడం, పేరు యాది మరిచిన్రు" అంది. ఈసారి కరపత్రంలో మొదటి పేరు ఆమెదే. వద్దని అంటోంది గానీ, నేను వినను.

ఆ 39 మందికి ఒక మాట. వేషాలు పన్నెండే. మిగిలినవాళ్లు వెళ్లిపోకండి. ఊరి నాయనమ్మల దగ్గర పాటలు, మాటలు ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చేవాళ్లు ముగ్గురు కావాలి. మైకు, వైర్లు తెలిసిన ఐటీఐ పిల్లలు ఇద్దరు కావాలి. జమాఖర్చు రాసేవాళ్లు ఒకరు, పైసా పైసాకు రసీదు అడిగే మొండివాళ్లయితే మరీ మంచిది. వేషం దొరికిన పన్నెండు మంది కూడా తెర లాగడం నేర్చుకోవాలి, ఇది మాత్రం షరతు.

రెండో శనివారం హాస్టల్ వరండాలో కలుద్దాం. మొదటి పని పరదా కుట్టడం. సూది, దారం నేను తెస్తాను. పాత చీరలు మీరు తీసుకురండి.