షాగిర్దుకు మనం పడిన బాకీ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న వ్యాపార సోదరులకు, వెనుక వరుసల్లో కూర్చున్న వారి దుకాణాల తమ్ముళ్ళకు, తెర పక్కన కూర్చున్న తల్లులకు, అక్కచెల్లెళ్ళకు నా సలాములు.

ముందు వరుస, వెనుక వరుస అన్నాను. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. అలవాటు కొద్దీ యజమానులు ముందూ పనివాళ్ళు వెనకా కూర్చున్నాం. నేను మాట్లాడబోయేది ఆ రెండు వరుసల మధ్య సంగతే.

కార్యదర్శి గారు నాకిచ్చిన విషయం "సిబ్బంది శిక్షణాభివృద్ధి పట్ల యజమానుల బాధ్యత". వినడానికి వేలమంది పనిచేసే కంపెనీల వ్యవహారంలా ఉంది. మన సంఘంలో అంత పెద్ద యజమాని ఎవరూ లేరు. లేతు పెట్టుకున్నవారు, మోటారు షెడ్డువారు, వెల్డింగు వారు, దర్జీలు, ఫర్నిచర్ వారు, బేకరీ వారు - మనదంతా ముగ్గురు, అయిదుగురు, మహా అయితే ఇరవై మంది పనివాళ్ళ లెక్క. అయినా నేనంటాను, ఈ బాధ్యత పెద్ద కంపెనీ కంటే మనకే ఎక్కువ. పెద్ద కంపెనీలో చేరేవాడు అప్పటికే ఏదో చదివి పట్టా పట్టుకుని వస్తాడు. మన దగ్గరికి వచ్చేవాడు బడి మానేసి ఖాళీ చేతులతో వస్తాడు. వాడికి మన షెడ్డే బడి, మన షెడ్డే కాలేజీ.

మనకు ఉస్తాద్-షాగిర్ద్ సంప్రదాయం ఉంది. దాని గొప్పతనం చాలామంది చెప్పారు, నేనూ ఒప్పుకుంటాను. ఏ పుస్తకమూ లేకుండా ఒక చేతి నుంచి ఇంకో చేతికి పని అందింది. అన్నం పెట్టి, పండక్కి బట్టలు పెట్టి, పెళ్ళి కూడా చేసిన ఉస్తాదులున్నారు. కాని ఆ సంప్రదాయంలో దాచుకునే గుణం ఒకటి ఉంది. దాని మాట ఎవరూ ఎత్తరు. కుట్టు దుకాణం చూడండి. కుర్రాడు చేరిన కొత్తలో గుండీలు కుడతాడు, కాజాలు తీస్తాడు. తరువాత మిషను ఎక్కుతాడు. పదేళ్ళయినా మిషను మీదే ఉంటాడు. కొలతలు తీసుకోవడం, బట్ట మీద గీత గీయడం, కత్తెర వేయడం మాత్రం కటింగు మాస్టరు చేతిలోనే ఉంటాయి. కత్తెర వేరేవాడి చేతికి ఇవ్వడు. కుట్టేవాడికి ముక్కకింత కూలి, కత్తిరించేవాడికి దుకాణం. ఆ ఒక్క మెట్టు దగ్గర ఎన్ని జీవితాలు ఆగిపోయాయో ఈ ఊళ్ళో ప్రతి వీధివారికీ తెలుసు.

మోటారు షెడ్డులోనూ అంతే. పానాలు అందించడం, గ్రీజు పూయడం, టైరు విప్పడం కుర్రాడిది. ఇంజను విప్పాక అసలు రహస్యం దగ్గరికి వచ్చేసరికి "పోయి టీ పట్టుకురా" అంటాం. నవ్వుతున్నారు, అంటే అందరికీ తెలిసిన సంగతే అన్నమాట!

ఎందుకు దాచుకుంటాం? జవాబు ముందు వరుసలో అందరి దగ్గరా ఉంది. "నేర్పితే మూడేళ్ళకు వెళ్ళిపోయి నా ఎదురుగానే షెడ్డు పెడతాడు." ఈ భయం ఉత్తిదని నేననను. నలభై ఏళ్ళుగా లేతు పని చేయిస్తున్నవాణ్ణి. నా దగ్గర నేర్చుకుని వెళ్ళి సొంతంగా పెట్టుకున్నవాళ్ళున్నారు, నా గిరాకీని కొంత పట్టుకుపోయినవాళ్ళూ ఉన్నారు. నష్టం నష్టమే. కాని ఈ లెక్కలో మనం రెండో వైపు రాయడం లేదు.

ఆ రెండో వైపు ఏమిటో చెబుతాను. పని నేర్చుకునే కుర్రాడికి మనం ఇచ్చేదెంత? పని తెలిసినవాడికి ఇచ్చేదానిలో మూడో వంతో, సగమో. ఎందుకంత తక్కువని వాళ్ళ నాన్న అడిగితే ఏమంటాం? "నేర్చుకుంటున్నాడు గదా భాయ్" అంటాం. అంటే తగ్గించిన ఆ డబ్బు మన దగ్గర ఉండిపోయిన ఫీజు. అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో అచ్చయిన తన పుస్తకంలో ఈ మాటే శాస్త్రంగా చెప్పాడు. ఏ కంపెనీకి వెళ్ళినా పనికొచ్చే విద్యను నేర్చుకునేవాడు, నేర్చుకునే రోజుల్లో తక్కువ జీతం తీసుకుని ఆ ఖర్చు తానే భరిస్తాడని. 1992లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన షెడ్డు కుర్రాడి తండ్రికి ఆ పుస్తకం అక్కర్లేదు, నెలనెలా అనుభవిస్తూనే ఉన్నాడు. ఫీజు పుచ్చుకుని పాఠం చెప్పని పంతుల్ని మనం ఏమంటామో, ఫీజు పుచ్చుకుని టీకి పంపే ఉస్తాదును కూడా అదే అనాలి.

ఇక వెళ్ళిపోతాడనే భయం. విజయవాడ ఆటోనగర్ వెళ్ళి చూడండి. ఒక షెడ్డు, దాని పక్కన ఇంకో షెడ్డు. ఒకరు బాడీ కడతారు, ఒకరు ఇంజను, ఒకరు రేడియేటరు, ఒకరు స్ప్రింగు కట్టలు. వాళ్ళలో ఎంతోమంది ఒకనాడు ఇంకొకరి దగ్గర పని నేర్చినవాళ్ళే. శిష్యులందరూ వెళ్ళి పక్కపక్కనే పెట్టుకోబట్టే లారీలు దూరాల నుంచి అక్కడికి వస్తున్నాయి. ఒంటరి షెడ్డు దగ్గరికి అంత దూరం నుంచి ఏ లారీ వస్తుంది? వెళ్ళిన కుర్రాడు మర్యాదగా వెళ్తే తన దగ్గర కాని పనిని మనకే పంపుతాడు. పోట్లాడి వెళ్తేనే పోటీ. పోట్లాడి ఎందుకు వెళ్తాడంటే, చాలాసార్లు, నేర్పుతామని చెప్పి నేర్పనందుకే.

నేర్పకపోతే ఏమవుతుందో కూడా చూశాం. మాకు తెలిసిన ఒక షెడ్డులో క్రాంకు షాఫ్టు గ్రైండింగు ఉస్తాదు ఒక్కరికే వచ్చు. ఆయన మంచాన పడ్డారు. మిషను ఉంది, కుర్రాళ్ళు నలుగురున్నారు, కొలత పట్టి సెట్ చేయగలవాడు లేడు. ఆరు నెలల్లో గిరాకీ అంతా పోయింది. మిషను తుక్కు ధరకు అమ్మారు. ఆయన కొడుకు నాతో అన్నమాట, "అబ్బా ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా".

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఈ రోజుల్లో ఉస్తాదుకు తెలిసినదంతా నేర్పినా చాలదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.6 బండ్లే అమ్మాలన్నారు. దానితో కొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటరు పోయి ఫ్యూయెల్ ఇంజెక్షను వచ్చింది. మన పాత మెకానిక్కు చెవితో విని, స్క్రూ అర చుట్టు తిప్పి, బండిని పాట పాడించేవాడు. ఇప్పుడు ఆ స్క్రూ లేదు. సెన్సార్లున్నాయి, చిన్న కంప్యూటరుంది, స్కానరు తగిలిస్తే తెర మీద ఇంగ్లీషులో ఏదో కోడు వస్తుంది. అది చదవలేక కంపెనీ షోరూముకు పొమ్మంటున్నాం. కరెంటు స్కూటర్ల సంగతి చెప్పనక్కర్లేదు, వాటిలో ఇంజనే లేదు. పాత బండ్లు ఉన్నంతకాలం మన పెద్దవాళ్ళకు రోజులు గడుస్తాయి. వెనుక వరుసలో ఉన్న ఇరవై ఏళ్ళ వాడికి ఇంకా నలభై ఏళ్ళ పని ఉంది. వాడు ఏం చెయ్యాలి?

నా లేతు పనిలోనూ ఇదే. వెర్నియరుతో మిల్లీమీటరులో యాభయ్యో వంతు, మైక్రోమీటరుతో వందో వంతు చూడవచ్చు. బేరింగు కూర్చునే చోట రెండు మూడు వందో వంతులు ఎక్కువైతే బేరింగు ఎక్కదు, తక్కువైతే వదులై తిరుగుతుంది. చేతి అలవాటుతో పాత ముక్కను చూసి కొత్త ముక్క చెయ్యడం మన కుర్రాళ్ళకు బాగా వచ్చు. డ్రాయింగు ఇస్తే మాత్రం బిక్కమొహం వేస్తారు. సి.ఎన్.సి. మిషను మీద బటను నొక్కేవాడికి ఒక జీతం, దానికి ప్రోగ్రాం రాసి సెట్టింగు చేసేవాడికి ఇంకో జీతం. గల్ఫుకు వెళ్ళే ట్రేడు టెస్టుల్లోనూ డ్రాయింగు దగ్గరే మనవాళ్ళు వెనక్కి వస్తున్నారు. పని రాక కాదు, కాగితం చదవడం రాక.

పెద్ద యజమానులు దీన్ని ముందే గ్రహించారు. జంషెడ్‌పూర్‌లో టాటా వారి ఉక్కు కర్మాగారం 1921లోనే టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. బెంగుళూరు దగ్గర బిడదిలో టయోటా కంపెనీ 2007లో పేద గ్రామీణ కుటుంబాల పిల్లల్ని తీసుకుని మూడేళ్ళ పాటు హాస్టల్లో ఉంచి నేర్పే బడి తెరిచింది. వాళ్ళకు డబ్బుంది, చేశారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం జర్మనీ. అక్కడ 1969లో శిక్షణ చట్టం చేశారు. నేర్చుకునే కుర్రాడికి వారంలో ఒకటి రెండు రోజులు బడి, మిగతా రోజులు దుకాణం. బడికి పోయిన రోజు జీతం కొయ్యరు. చివర పరీక్ష పెట్టేది చేతిపనుల వారి సంఘాలే, అంటే మనలాంటివాళ్ళ సంఘాలే. అక్కడ ఉస్తాదును మైస్టర్ అంటారు. మైస్టర్ కావాలంటే పని వస్తే చాలదు, ఇంకొకరికి ఎలా నేర్పాలన్నది కూడా ఆ పరీక్షలో ఒక భాగం. మనలో ఎంతమందిమి పాసవుతామో!

మన దేశంలోనూ చట్టం లేకపోలేదు. 1961లోనే అప్రెంటిసుల చట్టం వచ్చింది. 2019 నాటి సవరించిన నిబంధనల ప్రకారం ముప్పై మంది, ఆపైన ఉన్న సంస్థలు అప్రెంటిసులను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురున్నా చాలు, ఇష్టమైతే తీసుకోవచ్చు. అంటే మనకు తలుపు తెరిచే ఉంది. 2016లో మొదలైన ప్రోత్సాహక పథకంలో స్టయిపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలు మించకుండా, ప్రభుత్వమే భరించే ఏర్పాటు చేశారు. ఏళ్ళ తరబడి పనిచేస్తూ కాగితం లేనివాళ్ళకు, చేతిలో ఉన్న పనిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. హైదరాబాదు బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ 1968 నుంచి నడుస్తోంది. అక్కడ కొద్ది వారాల కోర్సులు కూడా ఉన్నాయి. ఇవన్నీ మన గుమ్మం దాకా రావు, మనమే వెళ్ళాలి. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లవాణ్ణి "పని నేర్పుతున్నాం" అంటూ షెడ్డులో పెట్టుకోవడం శిక్షణ కాదు, నేరం. వాడి చోటు బడి. పద్దెనిమిది నిండని వాణ్ణి ప్రమాదమైన పనిలో పెట్టడం కూడా నేరమే. 2016లో చట్టాన్ని బిగించారు.

అక్కచెల్లెళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో కూర్చుని ముక్కల లెక్కన కుట్టే ఆడవాళ్ళు మనలో చాలామంది. వాళ్ళ యజమాని ఎవరో వాళ్ళకే సరిగ్గా తెలియదు, సరుకు తెచ్చి ఇచ్చేవాడొక్కడే కనిపిస్తాడు. వాళ్ళకు కత్తెర ఎవరు నేర్పుతారు? కటింగు వచ్చిన మాస్టర్లు ఈ సభలో ముగ్గురు కనిపిస్తున్నారు. వారానికి రెండు గంటలు అడుగుతున్నాను.

మన సంఘం ఏటా బడి పిల్లలకూ కాలేజీ పిల్లలకూ స్కాలర్‌షిప్పులిస్తోంది. చాలా మంచిపని. కాని పదో తరగతి తప్పి షెడ్డులో చేరిన కుర్రాడు ఆ రోజు నుంచి మన జాబితాలో ఉండడు. డాక్టరు చదివే పిల్లకు శాలువా కప్పుతాం, స్కానరు నేర్చుకోవాలనే కుర్రాడికి ఫారం కూడా లేదు. విద్యానిధిలో కొంత భాగం పనిచేసే పిల్లల కోసం విడిగా పెట్టాలని నా మనవి. దానితో ఒక స్కానరు కొని సంఘం హాల్లో ఉంచవచ్చు. డ్రాయింగు చెప్పడానికి ఐ.టి.ఐ.లో రిటైరైన మాస్టారు ఒకరు మన పేటలోనే ఉన్నారు, అడిగితే ఒప్పుకున్నారు.

అసలు కష్టం డబ్బు కాదు, పూట. సెలవు రోజు వచ్చి నేర్చుకోమంటే కుర్రాడికి ఉన్న ఒక్క రోజూ పోతుంది. రాత్రి తొమ్మిదింటికి రమ్మంటే నిద్రపోతాడు. కాబట్టి పని రోజే, వారంలో ఒక పూట, జీతం కొయ్యకుండా మనం వదలాలి. ఒక పూటకు నాకెంత నష్టమో లెక్క వేసుకున్నాను, మీరూ వేసుకోండి. అది నెలాఖరుకు చిన్న మొత్తమేమీ కాదు. అయినా నేను పైన చెప్పిన ఫీజు బాకీలో అది వడ్డీకి కూడా రాదు.

కార్యదర్శి గారి బల్ల మీద ఒక పుస్తకం పెట్టించాను. అందులో మూడు గడులున్నాయి. దుకాణం పేరు, పంపే కుర్రాళ్ళు ఎంతమంది, ఏ రోజు ఏ పూట. మొదటి పంక్తిలో నా దుకాణం రాశాను, ఇద్దరు, మంగళవారం మధ్యాహ్నం. ముందు వరుసవారు భోజనాలకు లేచేటప్పుడు అటువైపుగా వెళ్ళాలి. వెనుక వరుస తమ్ముళ్ళూ, ఎవరు రాశారో ఎవరు రాయలేదో మీరు కూడా చూసుకోవచ్చు, పుస్తకం తెరిచే ఉంటుంది.