పది పనులొద్దు, మూడు పట్టుకుందాం
(చెరువుల మరమ్మతుపై రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కష్టం ఎటు పోయిందో ముందు మనమే ఒప్పుకుందాం. పోయిన ఎండాకాలమంతా చెరువుల పూడిక తీసినం. బతుకమ్మ మెట్లకు సున్నమేసినం. కట్ట మీద బోర్డు పెట్టి ఫొటోలు దిగినం. వాన పడ్డది. పక్క ఊరి చెరువు మత్తడి దుంకింది. మన చెరువుకు మోకాలి లోతు నీళ్లు రాలేదు. ఎందుకంటే, చెరువుకు నీళ్లు తెచ్చే కట్టుకాలువ ఒక్క దగ్గర మూసుకపోయింది. వరదంతా మళ్లి వాగుల కలిసింది.

పూడికమట్టి చెలకలకు బలమే, కాదనం. కాని నీళ్లే రాని చెరువును ఎంత లోతు తవ్వితే ఏం ఫాయిద?

చెరువుకు ప్రాణం మూడు దగ్గరల ఉన్నది. నీళ్లు వచ్చే కట్టుకాలువ, పొలానికి ఇడిచే తూము, ఎక్కువైన నీళ్లు పోయే మత్తడి. కాలువ మూసుకపోతే చెరువు ఎండుతది. తూము కారితే యాసంగికి దాచిన నీళ్లు వృథా అయితయి. మత్తడికి అడ్డం పెడితే నీళ్లు కట్ట మీదికెల్లి పొర్లి, కట్టే తెగుతది. కాకతీయుల నాటి నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు. మీది చెరువు తెగితే ఆ వరద కింది చెరువు మీద పడతది. 2024 సెప్టెంబర్ మొదట్ల వానలకు మహబూబాబాద్, ఖమ్మం దిక్కు చెరువులు తెగినప్పుడు పొలాలల్ల ఇసుక మేటలేసింది. మనం చూసినదే.

2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంల చెరువులు, కుంటలు 46 వేలకు పైనే అని లెక్క. అన్నింటికీ సర్కారే వచ్చేదాక ఆగలేం. అన్ని పనులూ మనమూ చెయ్యలేం. చేతులు కొన్నే, దినాలు కొన్నే. అందుకే ఏది ముందు అన్నదే ముఖ్యం.

తొలకరికి ముందే నీరటికాణ్ని వెంటబెట్టుకొని కట్టుకాలువ పొడుగునా నడుద్దాం. తర్వాత తూము, ఆ తర్వాత మత్తడి. ఈ మూడు అయినంకనే మిగిలిన పనులు.

ఇంకో మాట. కాలువను చదును చేసి దున్నుకున్నది పరాయోడు కాదు, మనలోని మనిషే. ఆయనతోని కూసొని మాట్లాడుడు అన్నింటికన్న కష్టమైన పని. అది తప్పించుకునేందుకే మనం సున్నాలేసుకుంట తిరిగినం.

సున్నం వచ్చే ఏడు ఏద్దాం. ఈ ఏడు నీళ్లు తెద్దాం.