కంపవాతరోగి - ఇంటివారి ధర్మము

రోగము ఒక్కరికి వచ్చును. దానిని అనుభవించునది ఇల్లంతయు. ఈ మాట ఏ వ్యాధి విషయమునందైనను కొంత నిజమే. కాని పార్కిన్సన్ వ్యాధి విషయమున ఇది సంపూర్ణముగా నిజము. ఆయుర్వేదమునందు కంపవాతమను పేర చెప్పబడిన లక్షణములు దీనికి చాల దగ్గరగా నుండుటచే, ఈ ప్రసంగమునందు ఆ పేరును కూడ వాడుచున్నాము. మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పు మాటలను శ్రోతలకు అందించుట మా వృత్తి. కావున ఔషధముల మోతాదులు మేము చెప్పబోవుట లేదు. మాత్ర మ్రింగిన తరువాత మిగిలిన దినమంతయు ఆ ఇంటిలో ఎట్లు గడువవలెనో, దానిని గూర్చియే మనవి చేయుదుము.

జేమ్స్ పార్కిన్సన్ అను ఆంగ్ల వైద్యుడు 1817వ సంవత్సరమున లండను నగరమున ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. అందు ఆరుగురు రోగులను గూర్చి మాత్రమే వ్రాసెను. వారిలో కొందరిని ఆయన వీధిలో చూచి, లక్షణములు గుర్తించెను. విశ్రాంతిగా నున్నపుడు చేయి వణకుట, ముందునకు వంగి చిన్న చిన్న అడుగులతో త్వరత్వరగా నడచుట, ఇవి ఆయన కనిపెట్టిన గుర్తులు. ఇంద్రియములకును, బుద్ధికిని లోపము లేదని కూడ ఆయన తలచెను. తరువాత ఫ్రెంచి వైద్యుడు షార్కో ఈ వ్యాధికి ఆయన పేరే పెట్టెను. పార్కిన్సన్ చూపు నిశితమైనదే. కాని వీధిలో కనబడిన మనిషి ఇంటిలోపల ఎట్లున్నాడో వీధినుండి తెలియదు గదా! వణకు చేతిని లోకము మొదట చూచినది. వణకు వెనుకనున్న మనస్సును చాల ఆలస్యముగా చూచినది.

వ్యాధికి మూలము మెదడులో నున్నది. నడిమి మెదడునందు నల్లని రంగుగల ఒక చిన్న చోటు కలదు. అచ్చటి కణములు డోపమిన్ అను రసాయనమును తయారుచేయును. కదలికలు సాఫీగా సాగుటకు అది అవసరము. ఆ కణములు క్రమక్రమముగా నశించుటచే చేతులు వణకును, కండరములు బిగియును, ప్రతి పనియు మందగించును. రోగుల మెదడులో డోపమిన్ తక్కువగా నున్నదని 1960లో వియన్నా శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 1967లో అమెరికాలో కోట్జియాస్ అను వైద్యుడు లెవోడోపా అను మందును నోటిద్వారా ఇచ్చి మంచి ఫలితము చూపెను. నేటికిని ఈ చికిత్సకు అదియే ముఖ్యాధారము. మన పొలముగట్లపై పెరుగు దూలగొండి గింజలలో ఈ పదార్థమే కలదని 1937లోనే దామోదరన్, రామస్వామి అను భారతీయ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అంతమాత్రమున ఆ గింజల పొడిని ఎవరికివారు తినరాదు. మాత్రతో కలిసిన మోతాదు మించి హాని కలుగవచ్చును.

మందు కదలికను కొంత సరిచేయును గాని, నశించిన కణములను తిరిగి తేజాలదు. ప్రపంచమున 2019 నాటికి 85 లక్షలకు పైగా జనులు ఈ వ్యాధితో నుండిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారందరును సంవత్సరముల తరబడి దీనితో కాపురము చేయవలసినవారే. ఇక్కడనే ఇంటివారి ధర్మము మొదలగుచున్నది.

మొట్టమొదట తెలిసికొనవలసినది ముఖమును గూర్చి. ఈ వ్యాధిలో ముఖకండరములు కూడ బిగిసికొనును. రెప్పపాటు తగ్గును. చిరునవ్వు ఆలస్యముగా వచ్చును, ఒక్కొక్కప్పుడు రానే రాదు. మనుమడు పరీక్షలో మొదటివాడుగా వచ్చితినని చెప్పినపుడు తాతగారు రాతిబొమ్మవలె చూచుచుందురు. “తాతయ్యకు నామీద ప్రేమ లేదు” అని పిల్లవాడును, “ఈయనకు దేనిమీదను ఆసక్తి లేదు” అని ఇల్లాలును అనుకొందురు. ఆ తాతగారి లోపల సంతోషము లేకపోలేదు. దానిని ముఖమువరకు తెచ్చు దారి మూసికొనిపోయినది.

కంఠము కూడ ఇట్లే సన్నగిల్లును. చిత్రమేమనగా, రోగికి తన గొంతు సరిగానే యున్నట్లు తోచును. ఇంటివారు “ఏమిటి? ఏమిటి?” అని నాలుగుసార్లు అడుగుదురు. ఐదవసారి ఆయన మాటాడుటయే మానుకొనును. రేడియోలో మీరు మా ముఖములు చూడరు; అయినను కంఠమును బట్టి మా హర్షమును, విచారమును గ్రహింతురు. కంపవాతరోగికి ముఖము, కంఠము రెండును సహకరింపవు. కనుక ముఖము చూచి మనస్సును ఊహించుట మాని, నోరు తెరచి అడుగవలెను. అడిగి, సమాధానము వచ్చువరకు ఆగవలెను. ఆయన వాక్యమును మనము పూర్తిచేయరాదు. రేడియో మ్రోగుచుండగా మాటాడింపక, దానిని కట్టి యెదుట కూర్చుండవలెను. ఈ మాట రేడియోవారమైన మేమే చెప్పుచున్నాము! గట్టిగా పలుకు అభ్యాసములు నేర్పు నిపుణులు కలరు. వారి శిక్షణవలన చాలమందికి మేలు కలుగుచున్నది.

రెండవది, దిగులు. రోగము వచ్చినది గనుక దిగులుపడుచున్నాడని మనము సరిపెట్టుకొందుము. అది సగము మాత్రమే నిజము. మెదడులో జరుగు మార్పులవలననే దిగులు, ఆందోళన, నిరుత్సాహము కలుగవచ్చును. కొందరికి వణకు కనబడుటకు ఏండ్ల ముందే ఇవి మొదలగును. వాసన తెలియకపోవుట, మలబద్ధము, నిద్రలో కేకలు వేసి చేతులు విసరుట కూడ అట్లే ముందుగా రావచ్చును. కావున “ధైర్యము తెచ్చుకో” అను హితబోధ చాలదు. దిగులును గూర్చి వైద్యునితో చెప్పవలెను. దానికి వేరుగా చికిత్స కలదు. కొన్ని మందులవలన కొందరికి జూదమునందో, అతివ్యయమునందో అదుపులేని కోరిక పుట్టును. కొందరికి లేని మనుషులు కనబడుదురు. ఇది గుణదోషము కాదు. సిగ్గుపడి దాచక వైద్యునికి తెలిపినచో మందు మార్చి సరిచేయుదురు. తమంత తాము మందును హఠాత్తుగా నిలిపివేయుట మాత్రము ప్రమాదము.

మూడవది, వేళ. ఈ మాత్రలకు గడియారమే గురువు. వేళ తప్పినచో మనిషి కుర్చీనుండి లేవలేకపోవచ్చును. ఉదయము చురుకుగా నడచినవాడు మధ్యాహ్నము బొత్తాము పెట్టుకొనలేకపోయిన, అది సోమరితనము కాదు, నటన కాదు. మందు బలము తగ్గిన వేళ అది. పప్పు, పెరుగు, పాలు, మాంసము వంటి వానిలోని మాంసకృత్తులు లెవోడోపాను రక్తములోనికి చేరనీయక అడ్డుపడును. అందుచే చాలమంది వైద్యులు భోజనమునకు అరగంట ముందుగా మాత్ర వేసికొనుమని చెప్పుదురు. వేరొక జబ్బుకు ఏ వైద్యునియొద్దకు పోయినను, ఈ వ్యాధి కలదని ముందుగా చెప్పవలెను; ఏలయన వాంతులకు ఇచ్చు కొన్ని మందులు దీనిని హెచ్చించును.

నాలుగవది, నడక. గడపయొద్దకు రాగానే పాదములు నేలకు అతుకుకొనినట్లు ఆగిపోవుట ఈ వ్యాధిలో కలదు. అప్పుడు చేయిపట్టి లాగరాదు, లాగినచో పడిపోవుదురు. నిలువనిచ్చి, ఒకటి, రెండు అని లెక్కపెట్టవలెను; లేదా తాళము వేయవలెను. నేలపై అడ్డగీతలు గీసినచో, ఆ గీతను దాటుటకు పాదము లేచును. మన ఇండ్లలో ముగ్గుకఱ్ఱకు కొదువ లేదు! స్వయముగా నడక మరచిన పాదము లయకు, గీతకు లోబడుట వైద్యులు బాగుగా ఎరిగిన సంగతి. అమెరికాలో బ్రూక్లిన్ నగరభాగమున మార్క్ మోరిస్ నృత్యబృందమువారు 2001వ సంవత్సరమునుండి ఈ రోగులకు నాట్యము నేర్పుచున్నారు. మనకు భజనయు, కోలాటమును క్రొత్తవి కావు. ప్రతిదినము వ్యాయామము చేయువారికి నడకయు, తూకమును మెరుగగునని అనుభవము చెప్పుచున్నది.

ఐదవది, సిగ్గు. పెండ్లి విందులో కూర విస్తరినుండి పంచెమీద పడునని భయపడి, పిలిచినను రానివారు ఎందరో! మొదట విందు మానుదురు, పిదప గుడి మానుదురు, కడపట అరుగుమీద కూర్చుండుటయు మానుదురు. వ్యాధికన్న ఈ ఏకాంతమే ముందుగా మనిషిని క్రుంగదీయును. మల్లయుద్ధముకన్న కఠినమైన ముష్టియుద్ధమున జగజ్జెట్టియైన మహమ్మద్ ఆలీకి 1984లో ఈ వ్యాధి యని నిర్ణయించిరి. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడల జ్యోతిని ఆయన వణకుచున్న చేతితోనే వెలిగించెను. లోకమంతయు చూచినది, ఎవరును నవ్వలేదు. మన బంధువుల ఇంటి పెండ్లిలో గరిటెకు బదులు పెద్ద చెంచాయు, లోతైన గిన్నెయు ఇచ్చి, ప్రక్కన కూర్చుండి తీరికగా భోంచేయుట అంత పెద్ద కార్యమా?

చివరగా, సేవచేయువారిని గూర్చి. రాత్రి రెండుసార్లు లేచి ప్రక్కకు త్రిప్పునది, మాత్ర వేళలు మనస్సున పెట్టుకొనునది సాధారణముగా భార్యయో, కోడలో. ఆమెకు నిద్ర లేదు. ఆమె ఆరోగ్యము ఎట్లున్నదని అడుగువారు లేరు. వచ్చిన బంధువులు రోగిని పరామర్శించి పోవుదురు. వారిలో ఒక్కరు “ఈ సాయంకాలము మేము చూచుకొందుము, నీవు పోయిరమ్ము” అనినచో అది పండ్లబుట్టకన్న గొప్ప కానుక. రోగులును, వారి ఇంటివారును కలిసికొని కష్టసుఖములు చెప్పుకొను సంఘములు మన దేశమునందును కలవు. ముంబయిలో 2001వ సంవత్సరమున అట్టిది ఏర్పడినది. మన ఊరిలో లేనిచో, రెండు కుటుంబములు వారమునకొకసారి ఒకచోట కూడినను చాలును.

వణకుచున్న చేతిని పట్టుకొనుటకు వైద్యశాస్త్రము తెలియనక్కరలేదు. మాత్ర వేళకు ఇచ్చుట, అడిగిన మాటకు జవాబు వచ్చువరకు నిరీక్షించుట, ముఖమున నవ్వు లేకున్నను మనస్సున నున్నదని నమ్ముట, ఈ మూడును ఇంటివారి చేతిలో నున్నవి. ఇవి ఏ అంగడిలోను దొరకవు, దొరకనక్కరయు లేదు.