వేసవి వానలు: నీరు పోవు దారి



గ్రంథాలయ రజతోత్సవమున తోటల నీటిని గూర్చి ప్రసంగమేమని కొందఱికి తోపవచ్చును. కాని ఇచ్చటినుండి పుస్తకము తీసికొనిపోవువారిలో పెరటిలో నాలుగు బెండమొక్కలో, ఒక నిమ్మచెట్టో, గట్టుమీద రెండు కొబ్బరిచెట్లో లేనివారు అరుదు. వాన రాని యేడు వారు ఆకాశమువైపు చూతురు. వాన వచ్చిన యేడు నేలవైపు చూచి నిట్టూర్తురు. ఈ రెండవ చూపును గూర్చియే నేటి ప్రసంగము.

తోటపని యనగానే బిందె, ఏతము, మోట, ఇప్పటివారికి బోరు, బిందుసేద్యపు గొట్టములు తలపునకు వచ్చును. అనగా నీరు తెచ్చుటయే తోటపని యను భావము నాటుకొనిపోయినది. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి సీమలలో ఈ భావము సగమే సత్యము. నీరు తెచ్చుట యొక విద్య. వచ్చిన నీటిని పంపివేయుట వేఱొక విద్య. మొదటిదానిని అందఱును నేర్చిరి. రెండవదానిని మాత్రము జడివాన నడుమ గొడుగు పట్టుకొని నేర్వబోదురు.

ఈ సీమ మూడంతస్తుల మేడవంటిది. పైయంతస్తు చింతలపూడి, జంగారెడ్డిగూడెము, పెదవేగి, వేంకటరామన్నగూడెములవైపు మెట్టనేల. అది యెఱ్ఱనేల, అచ్చట బోరునీరే ప్రధానాధారము. నడిమి యంతస్తు కాలువల క్రింది మాగాణి, బరువైన నల్లనేల. క్రింది యంతస్తు కొల్లేరు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసిన పిమ్మట గోదావరి కాలువయు కృష్ణకాలువయు వచ్చి ఏలూరులోనే కలిసికొన్నవి. రెండు మహానదుల నీరు చేరిన సీమకు కొఱత యేమని పరదేశి యడుగవచ్చును. ఏప్రిల్ నడుమ మొదలుకొని జూన్ వఱకు మరమ్మతుల నిమిత్తము కాలువలు కట్టివేయుట గోదావరి డెల్టాలో చిరకాలపు ఆచారము. మొక్కకు దాహము మిక్కుటమైన దినములలోనే కాలువ యెండును. ఆ దినములలోనే మెట్టమీద బోరు లోతునకు దిగును. కొల్లేటి లంకలలో ఉప్పుటేటి వెంబడి సముద్రపు నీరు ఎగదన్ని, నీటి నడుమ నుండియు త్రాగునీటికి డబ్బాలు కొనవలసివచ్చును. ఒకే మాసమున మూడంతస్తులకు మూడు తీరుల కష్టము.

ఇట్టి సమయమున వాన కురిసిన అమృతమే యని తలంతురు. రోహిణికార్తెలో రోళ్ళు పగులునను సామెత యుండగా వేసవిలో మునుక యేమని ధైర్యము. లెక్క చూచిన ఆ ధైర్యము నిలువదు. 1969, 1979, 1990 సంవత్సరములలో మే మాసముననే ఆంధ్రతీరమును తుపానులు తాకినవి. 2010 మే మాసమున లైలా తుపాను, 2022 మే మాసమున అసని తుపాను వచ్చినవి. 2023లో తుపాను లేకయే ఏప్రిల్ తుదిని, మే మొదటను అకాలవర్షములు కురిసి దాళ్వా ధాన్యము కల్లములలోనే తడిసినది. మామిడిపండ్లు రాలినవి రాలగా, మిగిలినవానికి మచ్చతెగులు, పండుఈగ. నిమ్మకు వేఱొక చిక్కు: ఎండను బట్టి గిరాకి, వాన పడిన వారమున కాయ యున్నను కొనువాడుండడు.

పండు పోయిన పోనిండు. మఱునాటి యేటికి మరల కాయును. చెట్టు పోవుట పెద్ద నష్టము. వేరు ఊపిరి పీల్చును. మట్టిరేణువుల సందులలోని గాలియే దానికి ప్రాణము. సందులన్నియు నీటితో నిండినచో వేరునకు ఊపిరాడదు. వేసవిలో నేల కాగియుండుటచే వేరు వడిగా ఊపిరి పీల్చును. కావున కార్తికపు మునుకకంటె వైశాఖపు మునుక త్వరగా చంపును. బొప్పాయి రెండు దినములు నీట నిలిచిన చాలు, తేరుకొనుట కష్టము. వంగ కొంతలో కొంత యోర్చును. కొబ్బరి బహు దినములు తాళును. వింత యేమనగా, నీరు నిలిచి వేరు చచ్చిన మొక్కయు, నీరు లేక యెండిన మొక్కయు ఆకు వాల్చుటలో ఒక్కతీరుగనే యుండును. అది చూచి దాహమని భ్రమించి మునిగిన మొక్కకు మరల రెండు బిందెలు పోయు దయామయులు ఊరూరను కలరు.

ఇక నీటి పరిమాణము. సెంటు నేలపై ఒక సెంటీమీటరు వాన పడిన సుమారు 400 లీటర్ల నీరు. అయిదు సెంట్ల పెరటిలో అయిదు సెంటీమీటర్ల వాన యనగా 10,000 లీటర్లు. 15 లీటర్ల బిందెతో ముంచిపోసిన 670 బిందెలు దాటును. ఎకరము తోటకు రెండు లక్షల లీటర్లు. ఎఱ్ఱనేల ఇందు కొంత త్రాగును; నల్లనేల మొదట పగుళ్ళనిండ త్రాగి, పగుళ్ళు మూసికొనిన పిమ్మట నోరు విప్పదు. ఇంత నీటిని చేటతోను బకెట్టుతోను తోడి పారబోయగలవాడెవడు? దారి ముందుగనే యుండవలెను.

ప్రాచీనులు దీని నెఱుగుదురు. వరాహమిహిరుని బృహత్సంహితలో భూగర్భజలమును కనుగొను దకార్గళాధ్యాయము ప్రక్కనే వృక్షాయుర్వేదాధ్యాయమున్నది. చెట్టునకును చెట్టునకును ఇరువది మూరల యెడము ఉత్తమమనియు, పదునాఱు మధ్యమమనియు, పండ్రెండు కనీసమనియు ఆయన విధించెను. (అయిదు సెంట్లలో మూడు మామిళ్ళు, పనస, సపోటా, మునగ నాటువారు ఈ యధ్యాయమును చదువకుండుటయే మనశ్శాంతి.) కృషిపరాశరమున నీటిని నిలుపుటయే కాక, భాద్రపదమున చేని నీటిని విడిచిపెట్టుటయు చెప్పబడినది; వేరు తడియునంత మాత్రము నిలిపి తక్కినది పంపిన పైరునకు రోగము రాదని దాని భావము. వరిపైరునకే యట్లు చెప్పినవారు వంగతోటను గూర్చి వేఱు చెప్పుదురా?

మెట్టవారికి ధర్మము కొంత భిన్నము. వారు నీటిని పంపుటకంటె ఆపుట మేలు. వాలునకు అడ్డముగా కందకములు త్రవ్వి, బోరు ప్రక్కన ఇంకుడుగుంట పెట్టి, పాదులలో ఎండుటాకు పఱచినచో వేసవివాన బోరునకు పెట్టుబడి యగును. పెదవేగి, అనగా ఒకనాటి వేంగీనగరము, నేడు నూనెతాడి పరిశోధనకు పేరొందినది. ఆ సంస్థ 1995లో ఏర్పడినది. కాపునకు వచ్చిన నూనెతాడి చెట్టునకు వేసవిలో దినమునకు 150 నుండి 200 లీటర్లు కావలెను. అట్టి పంటలున్న సీమ వానచుక్కను వాగులోనికి వదలుట దుబారా. 2007లో వేంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము నెలకొన్నది. తాడేపల్లిగూడెమునకు బస్సెక్కువారు ఒక పూట అచ్చట దిగి యడిగిన తప్పులేదు. మెట్ట ఆపని నీరు తమ్మిలేఱై ఏలూరు అంచులను ఒరసి కొల్లేటికి పరుగెత్తును. ఎఱ్ఱకాలువయై గూడెము చేలను ముంచి యనమదుఱ్ఱు మురుగుకాలువలో పడును. 2022లో జిల్లాలు విడిపోయినవి గాని ఏళ్ళు విడిపోలేదు.

నడిమి యంతస్తుననే అసలు తగవు. పైతోటవాడు రాత్రివేళ గట్టు తెగగొట్టును. క్రిందితోటవాడు తెల్లవాఱి పూడ్చును. మధ్యాహ్నమునకు ఇరువురును అరుగుమీద చేరుదురు.

“అబ్బాయ్, నీ నీళ్ళన్నీ నా బెండమళ్ళ మీద పడ్డాయిరా!”

“నీళ్ళు నావి కావు బాబాయ్, వానవి. పోవడానికి దారేదో నువ్వే చూపించు.”

అబ్బాయి మాట తలబిరుసుగా నున్నను, ప్రశ్న మాత్రము న్యాయమైనది. దారి యేది? పెక్కు గ్రామముల పటములను విప్పి చూచినచో ఆ దారి స్పష్టముగనే యున్నది: బోదె, దాని వెడల్పు, దాని సర్వే నంబరు, పోరంబోకను వ్రాత. పటములో బోదె యున్నది, నేలమీద లేదు. ఒకరు దడి జరిపిరి, ఒకరు అరటిపిలకలు నాటిరి, ఒకరు చెత్త పోసిరి. ఎవరును బోదెనంతయు దిగమ్రింగలేదు. తలయొక మూరెడు కలుపుకొనిరి. మూరెడు నేలలో పండిన అరటిగెలలకు ప్రతిఫలముగా ఎగువనున్న తోటలన్నియు మునుగుచున్నవి.

ఇందులకు గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. వార్తాపత్రికలుంచు బల్ల ప్రక్కన, గోడమీద, గ్రామపటపు నకలు ఒకటి పెద్దదిగా వ్రేలాడదీయవలెను. బోదెలను, తూములను నీలిరంగున దిద్దవలెను. ఎవరి పేరును వ్రాయనక్కఱలేదు. పత్రిక చదువవచ్చినవాడు తన పెరడెక్కడనో వెదకికొనును, ఆ ప్రక్కన నీలిగీతను చూచును. కృత్తికకార్తె ప్రవేశించులోపల, అనగా మే 11వ తేదీ నాటికి, ఎవరి యెదుటి బోదెను వారు గుఱ్ఱపుడెక్క, తూటికాడ తీసి పూడిక యెత్తినచో అరుగుమీద తగవు సగమునకు తగ్గును.

ఒక యూరి బోదెకు జరిగినదే కొల్లేటికి జరిగినది. బుడమేఱు, తమ్మిలేఱు, రామిలేఱు, డెల్టా మురుగుకాలువలు చేరు ఆ సరస్సునకు సముద్రమునకు పోవు దారి ఉప్పుటేఱొక్కటియే. 1970వ దశకమునుండి సరస్సులో చేపలచెఱువులు పెరిగి గట్లు అడ్డముపడినవి. 1999లో అయిదవ కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రామ్సార్ గుర్తింపు లభించెను. 2006లో ప్రభుత్వము చెఱువుగట్లను తెగగొట్టించెను. ఆ గట్లతోపాటు అప్పుచేసి చెఱువు త్రవ్వుకొన్న చిన్నవారి జీవనమును తెగినదను మాట మఱువరాదు. నాటినుండి ఆ వ్యాజ్యము కొల్లేటి చాంతాడువలె సాగుచునే యున్నది. 2024 సెప్టెంబరులో బుడమేఱు బెజవాడను ముంచినప్పుడు ఆ నీరు చేరవలసిన చోటు కొల్లేఱే.

లంకవాసులు మాత్రము ఎవరి తీర్పుకొఱకును వేచియుండక, ఇల్లు కట్టినట్లే తోటయు మిట్టమీద పెట్టుదురు: గట్టుమీద కొబ్బరి, అరటి. దిగువ మాగాణివారు వారివద్ద ఈ పద్ధతిని నేర్వవచ్చును. తుపానుగాలికి సముద్రము పోటెత్తినపుడు ఉప్పుటేఱు లాగదు, కొల్లేఱు తగ్గదు, శుభ్రముగా పూడిక తీసిన బోదెలోను రెండుమూడు దినములు నీరు కదలదు. ఆ దినములలో నిమ్మచెట్టు బ్రతుకుటకు మొదలు చుట్టు జానెడెత్తు మట్టిమిట్ట, దాని వెలుపల నీటి పాదు, పాదునకు పల్లపువైపున ఒక గండి చాలును. ఆ మట్టి చైత్రమాసముననే వేయవలెను. మబ్బు పట్టిన పిమ్మట పొడిమట్టి దొరకదు.