ద్యుతీ చంద్‌ను ఎందుకు ఆపారు?



ఊళ్లో ఒక ఆడపిల్ల గట్టిగా పరుగెత్తితే ఏమంటారు? చెట్టెక్కితే ఏమంటారు? బస్తా ఎత్తి భుజాన వేసుకుంటే ఏమంటారు? "అబ్బో, మగరాయుడు" అంటారు. కొందరు సరదాకి అంటారు, కొందరు ఎగతాళికి అంటారు. ఆ పిల్ల ఇంటికి పోతుంది, అన్నం తింటుంది. ఆ మాట అక్కడితో సరి.

అదే మాట పెద్ద పెద్ద ఆటల సంఘాల వాళ్లు అంటే? డాక్టర్లను పిలిచి, రక్తం తీసి, కాగితం మీద రాసి మరీ అంటే? ద్యుతీ చంద్ అనే అమ్మాయికి అలాగే జరిగింది. ఈ రోజు ఆమె గురించి చెప్పుకుందాం.

ద్యుతీది ఒడిశా. శ్రీకాకుళం జిల్లా దాటితే ఒడిశాయే. అక్కడ జాజ్‌పూర్ జిల్లాలో చాకా గోపాల్‌పూర్ అనే ఊరు ఉంది. ద్యుతీ అమ్మానాన్నలు నేతపని వాళ్లు. మగ్గం మీదే బతుకు. ఏడుగురు పిల్లలు. ద్యుతీ మూడోది. 1996లో పుట్టింది. పెద్దక్క సరస్వతి పరుగు పందేలకు పోయేది. అక్క వెనకాల చెల్లెలు కూడా పరుగు పెట్టింది. బూట్లు లేవు. ఉత్త కాళ్లతోనే పరుగు.

2013లో పూనాలో ఆసియా పోటీలు జరిగాయి. 200 మీటర్ల పరుగులో ద్యుతీకి కాంస్య పతకం వచ్చింది. 2014 జూన్‌లో తైపీ అనే నగరంలో చిన్న వయసు వాళ్లకు పోటీలు పెడితే రెండు బంగారు పతకాలు తెచ్చింది. అప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్లు. తర్వాత గ్లాస్గో పోవాలి. అక్కడ కామన్వెల్త్ పోటీలు.

ఆ జూన్ నెలలోనే ఆమెను ఢిల్లీకి పిలిచారు. స్కానింగ్ తీశారు. తర్వాత బెంగుళూరులో రక్తం తీశారు. ఇంకా ఏవేవో పరీక్షలు చేశారు. అందరికీ చేసే పరీక్షలే అనుకుంది. ఇవన్నీ ఎందుకో తనకు సరిగా చెప్పలేదని ఆమె తర్వాత చెప్పింది. కొద్ది రోజులకే గ్లాస్గో జట్టులోంచి ఆమె పేరు కొట్టేశారు. ఆ సంగతి పేపర్లకెక్కింది. టీవీలకెక్కింది. ఆడపిల్లా కాదా అని ముక్కూ మొహం తెలియని వాళ్లంతా మాట్లాడుకున్నారు.

ఇంతకీ ఆమె తప్పేమిటి?

మన ఒంట్లో కొన్ని గ్రంథులు ఉంటాయి. వాటిలో రసాలు ఊరుతాయి. వాటిని హార్మోన్లు అంటారు. టెస్టోస్టెరాన్ అలాంటి ఒక హార్మోను. మగవాళ్ల ఒంట్లో ఇది ఎక్కువ. ఆడవాళ్ల ఒంట్లో తక్కువ. కండ పెరగడానికి ఇది పనికొస్తుంది. కొంతమంది ఆడవాళ్లకు పుట్టుకతోనే ఇది ఎక్కువగా ఊరుతుంది. ద్యుతీకి అలా ఉంది. ఆమె మందు తినలేదు, సూది వేయించుకోలేదు. అది పుట్టుకతో వచ్చిన ఒళ్లు.

2011లో ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం ఒక గీత గీసింది. ఆడవాళ్ల పందెంలో పరుగెత్తేవాళ్లకు ఈ హార్మోను ఇంతకు మించకూడదు అంది. మించితే మందులు మింగి తగ్గించుకోవాలి, లేదా ఆపరేషన్ చేయించుకోవాలి. రెండూ కాదంటే పందెం మానుకోవాలి.

ఎందుకీ గీత? దాంట్లోనూ కొంత న్యాయం ఉంది. అది కూడా వినాలి. ఆడవాళ్లకు వేరే పందెం ఎందుకు పెట్టారు? మగవాళ్లతో కలిపి పెడితే ఆడవాళ్లకు పతకాలు దక్కవు కాబట్టి. 100 మీటర్ల పరుగు చూడండి. మగవాళ్లలో ఉసేన్ బోల్ట్ 2009లో 9.58 సెకన్లలో పరుగెత్తాడు. ఆడవాళ్లలో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 1988లో 10.49 సెకన్లలో పరుగెత్తింది. ఇద్దరివీ ప్రపంచ రికార్డులే. తేడా సెకను కూడా లేదు కదా అనుకోవచ్చు. కానీ ఆ కాస్త సమయంలో ఎనిమిది మీటర్ల పైనే వెనకబడిపోతారు. కాబట్టి "మా పందెం మాకు కావాలి" అని ఆడవాళ్లు అడగడం సబబే. ఏళ్ల తరబడి చెమటోడ్చిన పిల్లలు అడిగే మాటను అసూయ అని కొట్టిపారేయలేం. చిక్కల్లా ఆ గీత ఎక్కడ గీయాలి, ఎలా గీయాలి అన్న దగ్గరే.

ఎలా గీశారో వింటే ఒళ్లు మండుతుంది. 1966లో బుడాపెస్ట్‌లో పోటీలు జరిగాయి. అక్కడ పరుగు తీసే ఆడవాళ్లను బట్టలు విప్పించి డాక్టర్ల ముందు నిలబెట్టారు. తర్వాత 1968 మెక్సికో ఒలింపిక్స్ నుంచి కణాలు తీసి పరీక్ష చేయడం మొదలైంది. పరీక్షలో నెగ్గితే "ఈమె ఆడదే" అని ఒక సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు. మగవాళ్లను ఎవరూ ఏ సర్టిఫికెట్ అడగలేదు.

స్పెయిన్ దేశంలో మారియా పటీనో అని ఒక క్రీడాకారిణి. కంచెల మీదుగా దూకే పరుగు ఆమెది. 1985లో జపాన్‌కు పోతూ ఆ సర్టిఫికెట్ ఇంట్లో మరిచిపోయింది. మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి కాదన్నారు. దెబ్బ తగిలినట్టు నటించి తప్పుకోమన్నారు. మరుసటి ఏడు ఆ సంగతి పేపర్లలో వచ్చింది. ఆమె రికార్డులు కొట్టేశారు. స్కాలర్‌షిప్ పోయింది. పెళ్లాడతానన్నవాడు వెళ్లిపోయాడు. నిజానికి ఆమె ఒంటికి టెస్టోస్టెరాన్ అసలు పట్టదు. ఉన్నా లేనట్టే. మూడేళ్లు పోరాడితే 1988లో మళ్లీ రానిచ్చారు.

ఆ పరీక్ష ఏం తేల్చిందో 1996 అట్లాంటా ఒలింపిక్స్ లెక్క చెబుతుంది. 3387 మంది ఆడవాళ్లను పరీక్షించారు. ఎనిమిది మంది తప్పారు. చివరికి ఆ ఎనిమిది మందినీ పోటీకి అనుమతించారు. 1999లో ఒలింపిక్ సంఘం అందరికీ చేసే ఆ పరీక్ష మానేసింది. అయితే అనుమానం వచ్చిన వాళ్లకు చేయడం మానలేదు. అనుమానం ఎవరి మీద వస్తుంది? గొంతు కాస్త బొంగురుగా ఉంటే వస్తుంది. కండ కనబడితే వస్తుంది. మళ్లీ ఆ మగరాయుడు మాటే.

2013లో ఫ్రాన్స్ డాక్టర్లు ఒక సంగతి రాశారు. పేద దేశాల పల్లెల నుంచి, కొండ ప్రాంతాల నుంచి వచ్చిన నలుగురు క్రీడాకారిణులకు ఆపరేషన్ చేశారట. లోపలి గ్రంథులు తీసేశారట. 18 నుంచి 21 ఏళ్ల పిల్లలు. తీయకపోయినా ఆరోగ్యానికి ప్రమాదం లేదని ఆ డాక్టర్లే రాశారు. అంటే ఆ కోత జబ్బుకు కాదు, పందెం కోసం.

ద్యుతీ అందుకు ఒప్పుకోలేదు. 2014 సెప్టెంబరులో ఆమె పేరుతో భారత అథ్లెటిక్స్ సంఘానికి ఒక ఉత్తరం వెళ్లింది. అందులో అడిగింది చాలా తేలిక మాట. తను ఆడపిల్లగా పుట్టింది, ఆడపిల్లగానే పెరిగింది. తనకంటే పొడుగైన వాళ్లు, కలిగిన ఇళ్ల వాళ్లు కూడా పందెంలో ఉన్నారు. వాళ్లకూ అది లాభమే కదా! మరి తన ఒంటినే ఎందుకు మార్చుకోమంటున్నారు?

ఉత్తరంతో పని కాలేదు. స్విట్జర్లాండ్‌లో ఆటల తగాదాలు తీర్చే కోర్టు ఉంది. ద్యుతీ అక్కడికి పోయింది. పాయోష్ణి మిత్రా అనే పరిశోధకురాలు వెంట నిలిచింది. కెనడా లాయర్లు ఫీజు తీసుకోకుండా వాదించారు. ఆ గడ్డు రోజుల్లో మన హైదరాబాదులో పుల్లెల గోపీచంద్ అకాడమీ ఆమెకు చోటిచ్చింది. కోచ్ నాగపురి రమేశ్ దగ్గర పరుగు ఆపకుండా సాధన చేసింది.

2015 జూలైలో తీర్పు వచ్చింది. మగవాళ్లకు ఉన్నంత లాభం ఈ హార్మోను వల్ల ఈ ఆడవాళ్లకు వస్తోందని సంఘం రుజువు చూపలేకపోయింది అన్నారు జడ్జీలు. రెండేళ్లలో రుజువు తెమ్మన్నారు. అందాకా నిబంధన పక్కన పెట్టారు. నేతగాళ్ల బిడ్డ ఒక్కతి పోయి ప్రపంచ సంఘం నిబంధనను ఆపించింది!

2016లో ద్యుతీ రియో ఒలింపిక్స్‌కు పోయింది. అక్కడ గెలవలేదు. కానీ 100 మీటర్ల పరుగులో మన దేశం ఆడపిల్ల ఒలింపిక్స్‌లో నిలబడటం 1980లో పి.టి. ఉష తర్వాత అదే. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో రెండు వెండి పతకాలు తెచ్చింది. 2023లో మాత్రం వాడకూడని మందు దొరికిందని ఆమెకు నాలుగేళ్ల నిషేధం వేశారు. అది వేరే సంగతి. బయటి నుంచి ఒంట్లో వేసుకున్నదీ, పుట్టుకతో ఒంట్లో ఉన్నదీ ఒకటి కాదు. ఈ రెండిటినీ కలిపి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు.

తగాదా అంతటితో తీరలేదు. 2018లో సంఘం కొత్త నిబంధన తెచ్చింది. 400 మీటర్ల నుంచి మైలు దాకా పరుగులకే అది. దక్షిణాఫ్రికా క్రీడాకారిణి కాస్టర్ సెమెన్యా దాని మీద కోర్టుకు పోయింది. ఇది వివక్షే, అయినా అవసరం అని 2019లో తీర్పు చెప్పారు. స్విస్ కోర్టు ఆమె మాట సరిగా విచారించలేదని 2025 జూలైలో ఐరోపా మానవ హక్కుల కోర్టు అంది. కానీ నిబంధన పోలేదు. ఈలోగా 2023లో దాన్ని అన్ని పందేలకూ పెట్టారు. 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ పోటీలకు పోయే ఆడవాళ్లందరికీ జన్యు పరీక్ష వచ్చింది. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి గానీ, రక్తం తీసి గానీ చూస్తారు. జన్మలో ఒక్కసారి చేయించుకుంటే చాలు.

దూదిపుల్ల పరీక్ష బట్టలు విప్పించడం కంటే నయమే. కానీ ఆ కాగితంలో ఏముందో ఆ పిల్లకు ఆమె భాషలో ఎవరు చెబుతారు? ముందు ఆమెకు చెబుతారా, పేపరు వాళ్లకు చెబుతారా? ద్యుతీకి ముందే తమిళనాడులో ఒకామె ఇదంతా పడింది. పేరు శాంతి సౌందరరాజన్. పుదుక్కోట్టై జిల్లాలో ఇటుక బట్టీ కూలీల బిడ్డ. 2006లో దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిచింది. పరీక్షలో తప్పిందని పతకం తీసుకున్నారు. ఆమె ఒంటి సంగతి దేశమంతా చెప్పుకుంది. మరుసటి ఏడు ప్రాణం తీసుకోబోయింది. 2012లో మళ్లీ ఇటుక బట్టీకే కూలికి పోయింది. తర్వాత బెంగుళూరులో కోచ్ చదువు చదివింది. 2016లో తమిళనాడు ప్రభుత్వం ఆమెకు కోచ్ ఉద్యోగం ఇచ్చింది. దోహా పతకం మాత్రం తిరిగి ఇవ్వలేదు.